నక్షత్రాల చదువుకు ఏజెంటు ఉండడు

కొన్నేళ్ళ క్రితం షాబాన్ ఇరవై తొమ్మిదో తేదీ సాయంత్రం, గోదావరిఖనిలో మా ఇంటి డాబా మీద ఇరుగుపొరుగు అందరం రమజాన్ నెలవంక కోసం పడమటి దిక్కు చూస్తూ నిలుచున్నాము. అటు ఓపెన్‌కాస్టు లైట్లు, ఇటు పొగ. మా వీధిలోని ఒక గని కార్మికుని కూతురు, అప్పుడు డిగ్రీ చదువుతున్న అమ్మాయి, చేతిలో ఒక కాగితం పట్టుకుని "ఉస్తాద్, ఈరోజు కనిపించదు. సూర్యుడు మునిగిన కాసేపటికే చంద్రుడూ మునిగిపోతాడు, ఎత్తు చాలదు" అంది. కాగితం నిండా లెక్కలే. ఆ రోజు నెలవంక కనిపించలేదు. రుయత్ విషయంలో ఉలమాల నిర్ణయమే నిర్ణయం, అందులో మరో మాట లేదు. కానీ ఆ లెక్క ఎక్కడ నేర్చావమ్మా అని అడిగితే, లైబ్రరీ పుస్తకం చూసి తనంతట తానే నేర్చుకున్నానని చెప్పింది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉంది. ఖగోళ భౌతిక శాస్త్రంలో విదేశాలలో మాస్టర్స్ చేయాలని ఆమె కోరిక. తండ్రి హైదరాబాదులో విదేశీ విద్య సలహాలిచ్చే ఒక సంస్థ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు ఇంగ్లండులో ఒక ఏడాది కోర్సు చూపించి, ఫీజు, ఖర్చులు కలిపి ముప్పై లక్షలని, బ్యాంకు లోను తామే ఇప్పిస్తామని, ఇంటి కాగితాలు తెమ్మని చెప్పారట. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "ఇల్లు కుదువబెట్టి పంపాల్నా, లేక మంచి సంబంధం చూసి పెండ్లి చేసి పంపాల్నా, ఏం జేయమంటరు మౌల్సాబ్?" అని అడిగాడు.

ఆయన ప్రశ్నలో మూడో దారి లేదు. ఆ మూడో దారి గురించే ఈ వారం రాయదలచాను.

పాఠక మిత్రులారా! ఖగోళ భౌతిక శాస్త్రం వ్యాపార శాస్త్రం కాదు. దానిలో సీట్లు అమ్మి లాభం చేసుకునేవారు తక్కువ. పరిశోధనకు చేతులు కావాలి కనుక యోగ్యుడైన విద్యార్థికి విశ్వవిద్యాలయాలే, ప్రభుత్వాలే ఎదురు డబ్బిచ్చి చదివించే పద్ధతి ఈ విద్యలో ఉంది. అయితే విద్యార్థి కట్టే ఫీజులో నుంచి వచ్చే కమీషన్ మీద బతికే ఏజెంటు, ఫీజే లేని చదువు గురించి మనకెందుకు చెబుతాడు? అతణ్ణి తిట్టి లాభం లేదు. కూరగాయలు అమ్మేవాడు పెరట్లో ఉచితంగా కాసే ఆకుకూర గురించి చెప్పడు కదా. పెరట్లోకి మనమే వెళ్ళి చూసుకోవాలి.

ఇది మనకు కొత్త సంగతి కూడా కాదు. హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ బహాదూర్ స్వంత ఖర్చుతో ఫిసల్‌బండాలో ఒక నక్షత్రశాల నెలకొల్పారు. పదిహేను అంగుళాల దూరదర్శిని తెప్పించారు. ఆయన మరణానంతరం 1908లో దానిని నిజాం ప్రభుత్వం స్వీకరించింది, తరువాత బేగంపేటకు మార్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఆకాశమంతటినీ ఫోటో పటాలుగా తీయాలని ప్రపంచ దేశాలు కలిసి తలపెట్టిన మహా ప్రయత్నంలో మన హైదరాబాదు వంతు పనిగా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అక్కడ కొలిచి అచ్చు వేశారు. 1944 నుంచి 1960 వరకు దానికి డైరెక్టరుగా ఉన్న అక్బర్ అలీ గారి కాలంలోనే, 1959లో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర శాఖ ఏర్పడింది. జపాల్-రంగాపూర్‌లో నలభై ఎనిమిది అంగుళాల దూరదర్శినికి సంకల్పించినవారూ ఆయనే. 1968లో అది పనిలోకి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి శాస్త్రవేత్తలు వచ్చి చేరింది ఆ జపాల్-రంగాపూర్‌కే.

ఆ నిజామియా అబ్జర్వేటరీలో పని చేసిన ఒక ఉద్యోగి కొడుకు వైను బప్పు. నిజాం కాలేజీలో చదివాడు. 1949లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని హార్వర్డ్ వెళ్ళాడు. వెళ్ళిన కొన్ని నెలలకే ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. దానికి ఆయన పేరు, మరిద్దరు సహచరుల పేర్లు కలిపి పెట్టారు. 1952లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. తిరిగి వచ్చి కొడైకెనాల్, కావలూరు కేంద్రాలను తీర్చిదిద్దాడు, 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికే అధ్యక్షుడయ్యాడు. ఒక నక్షత్రశాల ఉద్యోగి కొడుకును అక్కడిదాకా తీసుకువెళ్ళింది ఇల్లు కుదువ పెట్టిన డబ్బు కాదు, స్కాలర్‌షిప్. అంతకు ముందు 1930లో కేంబ్రిడ్జికి ఓడ ఎక్కిన చంద్రశేఖర్ కూడా భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వెళ్ళినవాడే.

అరబీ మదర్సాలలో ఇల్మె హైఅత్ అనే పేరుతో ఖగోళ విద్య ఉండేది. షరహె చగ్మీనీ వంటి గ్రంథాలు దర్సె నిజామీలో పాఠ్య పుస్తకాలు. నేను చదివే రోజులకు ఆ పుస్తకం అలమారలో ఉంది, చెప్పే ఉస్తాద్ లేడు. అల్దెబరాన్, వేగా పేర్లు అరబీ అని ప్రసంగాలలో చెప్పుకుని సంతోషపడటం మాత్రం మనం మానలేదు. మిలాద్ సభలలో నేనూ చెప్పాను, దాచను.

ఇక అసలు విషయం. డబ్బు ఎక్కడ ఉంది?

మొదటిది యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్. ఇది ఎంపికైన విద్యార్థికి ఫీజు లేకుండా, నెలకు 1,400 యూరోల చొప్పున రెండేళ్ళు ఇస్తుంది. రెండు మూడు దేశాలలో తిరిగి చదవాలి. ఖగోళ భౌతికంలో మొదట ఆస్ట్రోముండస్ అనే కోర్సు ఉండేది. తరువాత రోమ్ తోర్ వెర్గాటా, బెల్‌గ్రేడ్, బ్రెమెన్, కోత్ దజూర్ విశ్వవిద్యాలయాలు కలిసి మాస్ అనే కోర్సు మొదలుపెట్టాయి. అంతరిక్ష సాంకేతికం వైపు వెళ్ళేవారికి స్వీడన్‌లోని లూలియో విశ్వవిద్యాలయం నడిపిన స్పేస్‌మాస్టర్ పేరు తెలిసినదే. ఒక్క జాగ్రత్త: ఈ కోర్సులకు యూనియన్ డబ్బు కొన్నేళ్ళ గడువుకే మంజూరవుతుంది. పేరు మిగిలి ఉన్నా, ఆ సంవత్సరం స్కాలర్‌షిప్ ఉన్నదీ లేనిదీ యూనియన్ అధికారిక జాబితాలో చూసుకున్న తరువాతే దరఖాస్తు చేయాలి. దరఖాస్తులు చాలావరకు అక్టోబరు నుంచి జనవరి మధ్య తీసుకుంటారు. భారతీయ విద్యార్థులు ఏటా పెద్ద సంఖ్యలో ఈ స్కాలర్‌షిప్ పొందుతున్నారు, కనుక ఇది అందని ద్రాక్ష ఏమీ కాదు.

రెండోది ఇటలీ. దీని గురించి మన వాళ్ళకు దాదాపు తెలియదు, కానీ మన ఇళ్ళకు సరిగ్గా సరిపోయేది ఇదే. పాదువా, బొలోన్యా విశ్వవిద్యాలయాలలో ఖగోళ భౌతికం, విశ్వశాస్త్రం కలిపి ఇంగ్లీషులోనే మాస్టర్స్ చెబుతారు. అక్కడి ప్రాంతీయ ప్రభుత్వాలు విద్యార్థి కుటుంబ ఆదాయాన్ని, ఆస్తిని లెక్కగట్టి, తక్కువ ఉంటే ఫీజు మాఫీ చేసి పైగా నగదు సహాయం, వసతి ఇస్తాయి. బొలోన్యాలో ఈ పని ఎర్‌గో అనే సంస్థ చూస్తుంది. యూరపు లెక్కలో సింగరేణి కార్మికుని జీతం తక్కువ ఆదాయం కిందికే వస్తుంది. ఇందుకు మన తరపున కావలసిందల్లా కాగితాలు. తండ్రి ఆదాయ పత్రం, ఇంటి పత్రం, కుటుంబ సభ్యుల పత్రం తీసుకుని, వాటికి విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించి, ఇటాలియన్‌లోకి అనువాదం చేయించాలి. మండల కార్యాలయం చుట్టూ తిరగడమే ఇందులో కష్టం. ఇంకొక షరతు, మొదటి ఏడాది నిర్ణీత క్రెడిట్లు సంపాదించకపోతే సహాయం ఆగిపోతుంది, ఇచ్చినది వెనక్కి కూడా అడుగుతారు. అంటే వెళ్ళిన తరువాత హోటలు పనిలో పడి చదువు విడిచే వీలు లేదు.

మూడోది జర్మనీ. బాన్ విశ్వవిద్యాలయంలో ఆస్ట్రోఫిజిక్స్ మాస్టర్స్ ఇంగ్లీషులో ఉంది, ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరు చందా మాత్రమే. ఆ ఊళ్ళోనే మాక్స్ ప్లాంక్ రేడియో ఖగోళ సంస్థ ఉంది. దానికి దగ్గరలోని ఎఫెల్స్‌బర్గ్ లోయలో నూరు మీటర్ల వెడల్పు రేడియో దూరదర్శిని ఉంది. కొలోన్ నగరానికి పడమటన హాంబాఖ్ అనే మహా ఓపెన్‌కాస్టు బొగ్గు గని కూడా ఉంది. మన పిల్లలకు అక్కడ బెంగ కలిగితే అది చూసి వస్తే సరిపోతుంది! అయితే జర్మనీలో ఫీజు లేదన్న మాటను మాత్రమే విని పరుగెత్తకూడదు. వీసాకు ముందు ఒక ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు అక్కడి బ్యాంకు ఖాతాలో వేసి చూపాలి. అది మన లెక్కలో పది లక్షలకు పైమాటే. డాడ్ సంస్థ స్కాలర్‌షిప్ వస్తే ఆ బాధ తప్పుతుంది. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ ధ్రువీకరణ కూడా తప్పనిసరి అయింది. దానికి 18,000 రూపాయల ఫీజు. అన్ని చోట్లా ఉచితమనుకోవడం కూడా పొరపాటే. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి బయటి దేశాల వారి వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటున్నది.

అమెరికా సంగతి వేరు. అక్కడ మాస్టర్స్‌కు డబ్బు దొరకడం అరుదు. డాక్టరేటుకు చేరితే ఫీజు మాఫీ, బోధన సహాయకునిగా జీతం ఇస్తారు. కాబట్టి ఇక్కడ ఎం.ఎస్సీ. చేసినవారు అక్కడ మళ్ళీ మాస్టర్స్‌కు డబ్బు తగలేయకుండా నేరుగా డాక్టరేటుకు దరఖాస్తు చేయడం తెలివైన పని. 2025లో అక్కడ పరిశోధన నిధులకు కోతలు పడి కొన్ని విశ్వవిద్యాలయాలు సీట్లు తగ్గించాయి. దీన్ని దృష్టిలో ఉంచుకోవాలి. కెనడాలో పరిశోధన వ్యాసంతో కూడిన మాస్టర్స్‌కే చాలా చోట్ల బోధన సహాయకుని జీతం దొరుకుతుంది. టర్కీ ప్రభుత్వం ఏటా శీతాకాలంలో పిలిచే బుర్స్‌లారి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు ఫీజు లేదు. ఇస్తాంబుల్, అంకారా విశ్వవిద్యాలయాలలో ఖగోళశాస్త్ర శాఖలున్నాయి. కాకపోతే చాలావరకు టర్కీ భాష నేర్వక తప్పదు. ఇటలీలోనే ట్రిస్టే నగరంలో, 1964లో అబ్దుస్ సలాం స్థాపించిన అంతర్జాతీయ కేంద్రం వర్ధమాన దేశాల వారికి ఏడాది డిప్లొమా పూర్తి ఖర్చులతో ఇస్తుంది. అది మాస్టర్స్ పట్టా కాదు, కానీ డాక్టరేటుకు మంచి నిచ్చెన.

మన ప్రభుత్వాల వైపు చూద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీ విద్యార్థుల కోసం ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం ప్రారంభించింది. మొదట పది లక్షలు, తరువాత ఇరవై లక్షలు. కొన్ని నిర్ణీత దేశాలకే వర్తిస్తుంది కనుక అడ్మిషన్‌కు ముందే జాబితా చూసుకోవాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి ఐదు లక్షలు మించరాదు. ఇక్కడే మన బొగ్గు బెల్టుకు చిక్కు వచ్చింది. 2023లో కుదిరిన పదకొండవ వేతన ఒప్పందం తరువాత పర్మినెంటు కార్మికుడు అట్టడుగు గ్రేడులో ఉన్నా ఏడాది జీతం ఐదు లక్షలు దాటుతుంది. అంటే గనిలో దిగే తండ్రి కూతురు ఈ పథకానికి ధనవంతుల బిడ్డ! ముప్పై లక్షలు కట్టే శక్తి లేదు, ఇరవై లక్షలు అడిగే అర్హత లేదు. కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు అర్హత ఉంది, కానీ వాళ్ళలో డిగ్రీ దాటి రాగలిగేవారే కొద్దిమంది. జీతాలు పెరిగినప్పుడు పరిమితి పెరగకపోతే పథకం కాగితం మీద మిగులుతుంది. యూనియన్ల నాయకులు బోనస్ గురించి, అలవెన్సుల గురించి మాట్లాడినట్లే దీని గురించి కూడా మాట్లాడాలి. ఎన్నికలప్పుడు గేట్ మీటింగులలో ఈ ప్రశ్న అడగవలసింది మనమే.

కేంద్రం సంగతి మరీ విచారకరం. విదేశీ విద్యారుణాల మీద మైనారిటీ విద్యార్థులకు వడ్డీ భరించిన పఢో పర్దేశ్ పథకాన్ని 2022లో నిలిపివేసింది. డాక్టరేటు విద్యార్థులకిచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కూడా అదే ఏడాది డిసెంబరులో ఆపివేస్తున్నట్లు పార్లమెంటులో ప్రకటించింది. వడ్డీ అనేసరికి మన ఇళ్ళలో వెనుకడుగు సహజం. అందులోని ధార్మిక తీర్పు ముఫ్తీలది, నేను చెప్పను. కానీ లోను ఒద్దనుకునే ఇంటికి ఫీజు లేని చదువు వెతకడం మరింత అవసరమని మాత్రం చెప్పగలను. వడ్డీకి భయపడి ఆడపిల్ల చదువు ఆపి, అదే ఏడాది పెళ్ళి ఖర్చుకు వడ్డీకి తెచ్చిన ఇళ్ళు నేను చూశాను.

ఇప్పుడు పిల్లలకు రెండు మాటలు. మన డిగ్రీ కాలేజీలలో ఎం.పి.సి. చదివితే అందులో ఫిజిక్స్ మూడో వంతే. యూరపు విశ్వవిద్యాలయం క్వాంటం మెకానిక్స్ ఎన్ని గంటలు చదివావు, విద్యుదయస్కాంత సిద్ధాంతం ఎన్ని క్రెడిట్లు అని అడుగుతుంది. మూడేళ్ళ బి.ఎస్సీ.తో అక్కడే చాలా దరఖాస్తులు పడిపోతాయి. తెలివి తక్కువై కాదు, సిలబస్ సరిపోక. అందుచేత ఇక్కడ ఫిజిక్స్‌లో ఎం.ఎస్సీ. చేసి వెళ్ళడం సురక్షితం. జామ్ పరీక్ష రాస్తే ఐ.ఐ.టి.లలో తక్కువ ఖర్చుతో అవుతుంది. ఇండోర్ ఐ.ఐ.టి.లో ఖగోళశాస్త్రంలోనే ఎం.ఎస్సీ. ఉంది. సిలబస్ పుస్తకం ప్రతి సెమిస్టరుదీ దాచుకోవాలి, కాలేజీ ముద్రతో సహా. మూడేళ్ళ తరువాత దాని కోసం తిరిగితే గుమాస్తా మారి ఉంటాడు.

అంతకంటే ముఖ్యం సిఫారసు లేఖలు. మన లెక్చరర్లు మంచివారే, కానీ "ఈ విద్యార్థి సత్‌ప్రవర్తన కలవాడు" అని నాలుగు వరుసలు రాసి ఇస్తారు. అది పెళ్ళి సంబంధానికి పనికి వస్తుందేమో గానీ అడ్మిషన్‌కు కాదు. నీతో కూర్చుని పని చేయించిన శాస్త్రవేత్త రాయాలి. అందుకోసం బెంగుళూరు సైన్స్ అకాడమీ వారి వేసవి పరిశోధన ఫెలోషిప్ ఉంది, పుణెలో ఐయూకా సంస్థ వారి సెలవుల కార్యక్రమం ఉంది. వేసవి రెండు నెలలు అక్కడ పని చేసిన పిల్లవాని లేఖకు బరువు ఉంటుంది. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కొంత తప్పక రావాలి. ఈ రోజుల్లో నక్షత్రాన్ని కంటితో చూసేవాడి కంటే కంప్యూటర్ మీద చూసేవాడే ఎక్కువ.

ఇక జమాఅత్ పెద్దలకు నా విన్నపం. మీరు ముప్పై లక్షలు ఇవ్వనక్కరలేదు, ఇవ్వలేరు కూడా. అసలు అడ్డంకి అక్కడ లేదు. ఇంగ్లీషు పరీక్షకు పద్దెనిమిది వేల దరిదాపు, ఏపీఎస్‌కు అంతే, పాస్‌పోర్టు, అపోస్టిల్, అనువాదాలు, ఢిల్లీకో చెన్నైకో వీసా కోసం రానుపోను, అన్నీ కలిపి అరవై డెబ్బై వేలు. సీటు వస్తుందో రాదో తెలియని దశలో ఈ డబ్బు పెట్టడానికే కార్మికుని చేయి వెనక్కి పోతుంది. ఏజెంటు మాత్రం అప్పుడు ఏమీ అడగడు, తరువాత ఇల్లు అడుగుతాడు. ఆ అరవై వేలు బైతుల్‌మాల్ నుంచి ఏడాదికి ఇద్దరు ముగ్గురికి, తిరిగి ఇచ్చే షరతుతో కర్జె హసనా కింద ఇవ్వగలిగితే చాలు. మస్జిద్ మైకు సెట్టు మార్చడానికి నిరుడు మనం ఎంత వసూలు చేశామో అందరికీ తెలుసు.

తండ్రులకు కూడా ఒక మాట. అన్‌ఫిట్ చేయించుకుని కొడుకుకు ఉద్యోగం ఇప్పించే ఆలోచన ఇంటింటా ఉంది. తప్పు పట్టను, తిండి పెట్టిన గని అది. కానీ రామగుండంలో 1971 నుంచి నడిచిన బి-థర్మల్ 2024లో మూతపడింది. మన కళ్ళ ముందే ఎఫ్.సి.ఐ. 1999లో మూతపడి, ఇరవై ఏళ్ళు దాటాక గానీ కొత్త పేరుతో తెరుచుకోలేదు. లెక్కలు వచ్చిన పిల్లవానికి చార్జి షీటు, మస్టరు తప్ప మరో దారి లేదని మనమే నిర్ణయించడం న్యాయమా? ఇక ఆడపిల్లను అంత దూరం ఒంటరిగా ఎలా పంపాలన్న ప్రశ్న. దానిని కొట్టివేయను, నాకూ కూతుళ్ళున్నారు. అక్కడి హాస్టలు ఎలాంటిది, ఆ ఊళ్ళో మస్జిద్ ఉందా, మన విద్యార్థులు ఎవరైనా ఉన్నారా అని తండ్రి స్వయంగా ఫోనులో మాట్లాడి తెలుసుకోవచ్చు. తెలుసుకోకుండానే వద్దనడం మాత్రం సరికాదు.

మా వీధి అమ్మాయి ఈ చలికాలం మూడు చోట్ల దరఖాస్తు చేస్తున్నది. రెండు ఇటలీలో, ఒకటి ఎరాస్మస్‌లో. ఇంటి కాగితాలు బీరువాలోనే ఉన్నాయి. తండ్రి మొన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి లోను గురించి అడగలేదు. "మౌల్సాబ్, ఆదాయం సర్టిఫికెట్ మీద నా పేరు ఒక తీరు, ఆధార్‌ల ఒక తీరు పడ్డది. ముద్ర వేస్తరా, వేయరా?" అని అడిగాడు. పేరు సవరణకు సోమవారం ఇద్దరం కలిసి ఆఫీసుకు వెళ్తున్నాము.